గని చుట్టుపక్కల బావులు, బోర్లు, వంకల నీటిని మనమే ఎలా గమనించుకోవాలి?

పులివెందుల, వేంపల్లె, వేముల వైపు నుంచి, అటు తాడిపత్రి, రామగిరి నుంచి కూడా పాఠకులు అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే: "పక్కనే గని ఉంది, మా బోరులో నీళ్లు తగ్గాయి, రుచి మారింది, ఇది గని వల్లనేనా, ఎలా తెలుసుకోవాలి?" ఒక్క సీసా నీళ్లు ల్యాబులో ఇచ్చి తెచ్చుకున్న కాగితంతో ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. అవే బావులను, అదే పద్ధతిలో, కనీసం రెండేళ్లు వరుసగా కొలిచి రాసుకున్న లెక్క ఉంటేనే అధికారి ముందైనా, కోర్టులోనైనా మాట నిలబడుతుంది. ఆ లెక్కను ఊరివాళ్లు తమంతట తాము ఎలా తయారు చేసుకోవచ్చో ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

భూగర్భ బొగ్గు గనులు మన సీమలో లేవు. అవి గోదావరి లోయలో కొత్తగూడెం, మందమర్రి, రామగుండం ప్రాంతాల్లో ఉన్నాయి. అయితే నీటిని గమనించే పద్ధతుల్లో చాలావరకు బొగ్గు గనుల దగ్గర స్థిరపడినవే. తుమ్మలపల్లె యురేనియం గని వంటి భూగర్భ గనికి, మూతపడిన పాత రాతినార, బంగారు గనుల చుట్టుపక్కల ఊళ్లకు కూడా అవే వర్తిస్తాయి. ఎక్కడ తేడా చూపాలో అక్కడ చెబుతాను.

సిద్ధాంతం ఇంతమటుకు తెలిస్తే చాలు. గనిలోకి ఊరే నీటిని పంపులతో బయటకు తోడుతున్నంత కాలం చుట్టుపక్కల నీటిమట్టం గని వైపు వాలుతుంది. బొగ్గు గనుల్లో పైకప్పుకు ఆసరాగా వదిలిన బొగ్గు స్తంభాలను (పిల్లర్లు) తీసి పైకప్పును కూలనిచ్చిన చోట, ఆ పగుళ్లు పై పొరల దాకా పాకి అక్కడి నీరు కిందికి జారిపోవచ్చు. గని మూతపడి పంపులు ఆగాక నీరు మళ్లీ పైకి లేస్తూ, గాలి తగిలిన రాతిలోని లవణాలను కరిగించుకుని వస్తుంది. గంధకం ఎక్కువగా ఉన్న బొగ్గు అయితే ఆ నీరు ఆమ్లంగా మారుతుంది. మేఘాలయలోని జయంతియా కొండల్లో వాగులు ఇలాగే పాడయ్యాయి. గోదావరి లోయ బొగ్గులో గంధకం తక్కువ. మన వేంపల్లె సున్నపురాయి, డోలమైటు పొరలు ఆమ్లాన్ని చాలావరకు అణచివేస్తాయి కాబట్టి ఇక్కడ పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చూపే సంఖ్య) పెద్దగా కదలదు. సల్ఫేటు, కాఠిన్యం, ఈసీ (కరిగిన లవణాలతో పాటు పెరిగే విద్యుత్ వాహకత) కదులుతాయి. తుమ్మలపల్లెలో ఖనిజాన్ని క్షార పద్ధతిలో శుద్ధి చేస్తారు కాబట్టి అక్కడ సోడియం, బైకార్బొనేటు కూడా తప్పనిసరిగా చూడాలి. "పీహెచ్ 7.5 వచ్చింది, నీళ్లు బాగున్నాయి" అని ఎవరైనా చెబితే అక్కడితో ఆగిపోకండి.

కావలసినవి

- బజరు మోగే నీటిమట్టం టేపు. మీ ఊరి బోర్లలో వేసవి మట్టం కంటే కనీసం 30 మీటర్లు ఎక్కువ పొడవు ఉండాలి. ఒక్కో రైతు కొనవలసిన పని లేదు, నాలుగైదు ఊళ్లు కలిసి ఒకటి తీసుకుంటే సరిపోతుంది.
- ఈసీ, పీహెచ్ చూసే చేతి మీటర్లు. వాటిని సరిచూసుకోవడానికి 1413 మైక్రోసీమెన్స్ ద్రావణం, పీహెచ్ 4, 7, 9.2 ద్రావణాలు. ద్రావణాలు లేకుండా మీటరు ఒక్కటే కొనడం డబ్బు దండగ.
- 20 లీటర్ల బకెట్, ఫోనులో స్టాప్‌వాచ్, చిన్న వర్షమాపకం.
- కొత్త ప్లాస్టిక్ సీసాలు, ఐసు పెట్టె, చెరగని మార్కరు, ఎర్ర పెయింటు.
- పేజీ నంబర్లు వేసిన కుట్టు పుస్తకం. విడి కాగితాలు వద్దు.

బజరు టేపు దొరకకపోతే ఉక్కు టేపు చివరి రెండు మీటర్లకు సుద్ద రాసి దింపండి. పైన ఒక పూర్తి మీటరు గీత దగ్గర పట్టుకుని, బయటకు తీశాక సుద్ద ఎక్కడి దాకా తడిసిందో చూసి, ఆ పొడవును తీసివేస్తే మట్టం తెలుస్తుంది. మట్టం లోతు ముందే ఉజ్జాయింపుగా తెలిసిన బావులకు ఈ పద్ధతి బాగా పనికివస్తుంది. తాడుకు రాయి కట్టి దింపడం దిగుడు బావికి సరిపోతుంది కానీ బోరుకు పనికిరాదు.

1. ముందు పటం గీయండి

గని సొరంగం నోరు, గాలి దారులు, టెయిలింగ్ పాండ్ (ఖనిజం తీశాక మిగిలిన వ్యర్థాల చెరువు) లేదా మట్టి దిబ్బ, గని నీరు బయటకు వదిలే చోటు, వంకలు, చెరువులు, కాలువలు, ఊరి తాగునీటి బోరు, వ్యవసాయ బోర్లు, ఇవన్నీ ఒకే పటంలో రావాలి. భూగర్భ గనిలో తవ్వకం సొరంగం నోటి నుంచి కిలోమీటర్ల కొద్దీ సాగవచ్చు. పైన కనిపించే గేటును బట్టి దూరం లెక్కగడితే పొరపాటు పడతారు. లీజు సరిహద్దు పర్యావరణ అనుమతి పత్రంలోనూ, ప్రభావ నివేదికలోనూ ఉంటుంది. ఏ బావులను గని యాజమాన్యం కొలవాలో, ఎన్నిసార్లు కొలవాలో కూడా అక్కడే ఉంటుంది. ఈ పత్రాలు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో దొరుకుతాయి. దొరకకపోతే సమాచార హక్కు చట్టం కింద కాలుష్య నియంత్రణ మండలిని అడగవచ్చు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

2. బావులను ఎంచుకోండి

పది పన్నెండు బావులు చాలు. యాభై బావులను ఒక్కసారి కొలిచి వదిలేయడం కంటే పది బావులను తప్పకుండా కొలవడం ఎన్నో రెట్లు మేలు. గనికి కిలోమీటరు లోపు కొన్ని, ఒకటి నుంచి మూడు కిలోమీటర్ల మధ్య కొన్ని, ఎగువన ఒకటి, దిగువన రెండు మూడు తీసుకోండి.

వీటన్నిటికంటే ముఖ్యమైనవి పోలిక బావులు. గనికి ఐదారు కిలోమీటర్ల అవతల, అదే రాతిలో, అవే పంటలున్న చోట, అంతే లోతున్న రెండు బోర్లను పోలికకు పెట్టుకోవాలి. మీ బోరు చీనీ తోటలోనో, అరటి తోటలోనో ఉంటే పోలిక బోరు కూడా అలాంటి తోటలోనే ఉండాలి. మెట్ట చేలో ఉన్న బోరును తెచ్చి పోల్చకూడదు. పోలిక బావి లేని లెక్కను "వానలు తక్కువ, అందుకే మట్టం తగ్గింది" అన్న ఒక్క మాటతో కొట్టిపారేస్తారు.

రోజంతా మోటారు నడిచే బోరు కంటే వాడకంలో లేని, పూడిపోని బోరు మట్టానికి మంచిది. బావి యజమాని అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి; గ్రామసభలో తీర్మానం చేయిస్తే ఇంకా బలం.

3. కొలిచే చోటును గుర్తుపెట్టండి

కేసింగు పైపు అంచు మీద ఎర్ర పెయింటుతో ఒక బాణం గుర్తు వేయండి. ప్రతిసారీ ఆ గుర్తు దగ్గరే టేపు ఆనాలి. ఆ అంచు నేల నుంచి ఎంత ఎత్తున ఉందో ఒకసారి కొలిచి పుస్తకం మొదటి పేజీలో రాయండి. కేసింగు నరికినా, పైకి పెంచినా ఆ తేదీన మళ్లీ కొలవాలి. ఈ చిన్న మార్పు రాసుకోకపోవడం వల్ల మట్టం ఒక్కసారిగా అర మీటరు మారినట్టు కనిపించిన లెక్కలు చాలా ఉన్నాయి.

4. నీటిమట్టం కొలవండి

పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే కాబట్టి ఈ మెట్టును నిదానంగా చదవండి.

వ్యవసాయ కరెంటు రాకముందు, తెల్లవారుజామున కొలవాలి. రాత్రంతా మోటారు ఆగి ఉంటే మట్టం తేరుకుని ఉంటుంది. మోటారు కట్టేసిన పది నిమిషాలకే కొలిస్తే మీరు కొలిచింది ఆ మోటారు చేసిన గుంతనే. చుట్టుపక్కల పొలాల మోటార్లు కూడా ఆగి ఉన్నాయో లేదో చూసి రాయండి. స్టార్టరు పెట్టె దగ్గర తడి చేతులతో పని చేయకండి; ఫ్యూజు తీసే పని బోరు యజమానికే వదిలేయండి.

టేపు నెమ్మదిగా దింపండి. బజరు మోగగానే సంఖ్య రాసేయకూడదు. కేసింగు గోడ తడిగా ఉన్నా, పై పొర నుంచి నీటి చుక్కలు జారుతున్నా టేపు కొన తడిసి బజరు మోగుతుంది. అలాంటి మోత తెగి తెగి వస్తుంది. నిజమైన మట్టానికి తగిలినప్పుడు ఎడతెగకుండా మోగి, టేపు ఒక్క వేలెడు పైకి లాగగానే ఆగిపోతుంది. పైకి లాగి, మళ్లీ దింపి, మూడుసార్లు చూడండి. మూడు సంఖ్యలూ రెండు సెంటీమీటర్ల తేడాలో ఉంటే మధ్యదాన్ని రాయండి. అంతకు మించి తేడా వస్తే మట్టం ఇంకా లేస్తోందని అర్థం, అరగంట ఆగండి.

మోటారు దింపిన బోరులో టేపు పైపుకూ, కేబులుకూ చుట్టుకుని ఇరుక్కుంటుంది. బలంగా లాగితే కొన తెగి లోపలే ఉండిపోతుంది. మోటారును ఎప్పుడైనా బయటకు తీసినప్పుడు, తిరిగి దింపేటప్పుడు టేపు కొన పట్టేంత వెడల్పున్న సన్నటి పైపు ఒకటి పక్కనే దింపించుకుంటే ఆ పైపులోంచి టేపు హాయిగా దిగుతుంది.

లెక్క ఇలా వేయాలి: బాణం గుర్తు నుంచి 46.32 మీటర్లు వచ్చి, కేసింగు నేలకు 0.45 మీటరు ఎత్తున ఉంటే, నేల నుంచి మట్టం 45.87 మీటర్లు. మన దగ్గర బోరు లోతు అడుగుల్లో చెప్పుకుంటాం. పుస్తకంలో మాత్రం అంతా మీటర్లే ఉండాలి. రెండు బావుల మట్టాల్లో ఏది పల్లమో చూడడానికి ఫోను జీపీఎస్ చూపే ఎత్తును నమ్మకండి, అది ఎన్నో మీటర్లు అటూ ఇటూ ఉంటుంది. లెవెల్ యంత్రంతో సర్వేయరు చేత ఒక్కసారి కొలిపించుకుంటే చాలు.

దిగుడు బావిలోకి, మూతపడిన గని నోట్లోకి దిగి కొలిచే ప్రయత్నం ఎవరూ చేయవద్దు. లోపల ప్రాణవాయువు లేక మనుషులు క్షణాల్లో పడిపోతారు. కాపాడబోయినవాళ్లు కూడా పోతారు.

5. ఎప్పుడెప్పుడు?

బొగ్గు గనుల అనుమతుల్లో సాధారణంగా ఉండే షరతు ఏడాదికి నాలుగుసార్లు: వేసవి చివర ఏప్రిల్-మే, ఆగస్టు, నవంబరు, జనవరి. అది కనీసం. వీలైతే నెలకొకసారి కొలవండి. రాయలసీమలో ఈశాన్య రుతుపవనాల వాన నవంబరు దాటి కూడా పడుతుంది కాబట్టి నవంబరు లెక్కను "వాన తర్వాతి మట్టం" అని తేల్చేయకండి, జనవరిదే నమ్మదగినది. వర్షమాపకం ప్రతిరోజూ ఉదయం 8.30కి చూసి రాయాలి. అనంతపురంలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దరిదాపు. ఇంత తక్కువ వానలో ఒక్క పెద్ద వాన తప్పిపోయినా లెక్క తలకిందులవుతుంది.

వానతో పాటు ఇంకో వరుస రాయండి: కాలువకు నీళ్లు వదిలిన రోజులు, చెరువు నిండిన రోజు, కొత్త బోరు వేసిన చోటు. చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు నిండి, పులివెందుల బ్రాంచి కాలువ పారిన ఏడాది బోర్లలో మట్టం పైకి వస్తుంది. గని ప్రభావం ఉన్నా అది కప్పబడిపోతుంది. పక్క పొలంలో మరింత లోతు బోరు పడితే గని ఊసే లేకుండా మీ బోరు ఎండిపోవచ్చు. ఇవి రాసుకోని లెక్క మనల్ని మనమే మోసం చేసుకోవడానికి పనికివస్తుంది.

6. నీటి నమూనా తీయండి

బోరు మోటారు వేశాక వెంటనే వచ్చే నీరు పైపులో నిలిచినది. పది పదిహేను నిమిషాలు వదలండి. ఐదు నిమిషాలకొకసారి ఈసీ చూడండి. వరుసగా మూడుసార్లు దాదాపు అదే సంఖ్య వస్తే అప్పుడు సీసా పట్టాలి. ట్యాంకు కుళాయి దగ్గర, ఆర్వో మిషను తర్వాత, డ్రిప్ ఎరువు కలిపే చోటు తర్వాత పట్టిన నీరు పనికిరాదు.

సీసాను అదే నీటితో మూడుసార్లు తొలిచి, గాలి మిగలకుండా నింపండి. ఇనుము, సీసం, ఆర్సెనిక్, యురేనియం వంటి లోహాల పరీక్షకు వేరే సీసా కావాలి; అందులో నత్రికామ్లం ల్యాబువాళ్లే వేసి ఇస్తారు, దాన్ని తొలవకూడదు, చేతికి తగలనివ్వకూడదు. బాక్టీరియాకు ల్యాబు ఇచ్చే శుభ్రపరచిన సీసా మూడోది. సీసా మీద బావి నంబరు, తేదీ, సమయం, అక్కడికక్కడ చూసిన ఈసీ, పీహెచ్ రాసి, ఐసులో పెట్టి అదే రోజు చేర్చండి. పీహెచ్ ఆలస్యమైతే మారిపోతుంది, అందుకే పొలంలోనే చూడమంటున్నాను.

7. వంక, వాగు, గని నీరు

మూడు చోట్లు కావాలి: గని నీరు కలవకముందు ఎగువ, కలిసే చోటు, బాగా కలిసిపోయాక దిగువ. దిగువ నుంచి మొదలుపెట్టి ఎగువకు నడవండి. ఎగువన కాళ్లతో కలచిన బురద దిగువ సీసాలోకి రాకుండా ఉంటుంది.

నీటి పరిమాణం తెలియకుండా నాణ్యత ఒక్కటే రాస్తే సగమే తెలుస్తుంది. పైపు నుంచి పడే నీటికి బకెట్ నిండే సెకన్లు లెక్కపెట్టండి. 20 లీటర్లు 8 సెకన్లలో నిండితే సెకనుకు రెండున్నర లీటర్లు. సన్నటి కాలువకు 90 డిగ్రీల వీ-గాటు ఉన్న రేకును అడ్డంగా బిగిస్తే, గాటు అడుగు నుంచి నీరు 10 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నప్పుడు సెకనుకు సుమారు 4.4 లీటర్లు, 15 అయితే 12, 20 అయితే దాదాపు 25 లీటర్లు పారుతున్నట్టు. ఎత్తును గాటు దగ్గర కొలవకండి, అక్కడ నీరు వంగి తక్కువగా కనిపిస్తుంది. కాస్త ఎగువన, ఆ ఎత్తుకు నాలుగు రెట్లు దూరంలో కొలవాలి.

మన వంకలు ఏడాదిలో కొన్ని గంటలే పారతాయి. మొదటి వానకు దిబ్బల మీది దుమ్మంతా కొట్టుకొస్తుంది కాబట్టి మొదటి పారుదలలో ఒక సీసా, ప్రవాహం తేరాక ఇంకొకటి పట్టండి. గట్టు మీద నుంచి తాడు కట్టిన బకెట్‌తోనే తీయండి. 2021 నవంబరులో చెయ్యేరు వరదకు అన్నమయ్య డ్యాం కట్ట తెగిన సంగతి తెలిసిందే. పారుతున్న వంకలో దిగవద్దు.

8. ఏ పరీక్షలు అడగాలి?

మొదటిసారి మాత్రం పూర్తి పట్టిక చేయించండి: కాల్షియం, మెగ్నీషియం, సోడియం, పొటాషియం, బైకార్బొనేటు, క్లోరైడు, సల్ఫేటు, నైట్రేటు, ఫ్లోరైడు, టీడీఎస్ (నీటిలో కరిగిన మొత్తం లవణాలు), ఇనుము, గనికి సంబంధించిన లోహాలు. తర్వాత ఏడాదికి రెండుసార్లు ఇదే పట్టిక, మిగతా నెలల్లో చేతి మీటరుతో ఈసీ చాలు. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుల్లో తాగునీటి పరీక్షలు తక్కువ ఖర్చుతో అవుతాయి. లోహాలకు గుర్తింపు ఉన్న పెద్ద ల్యాబు కావాలి. పంచాయతీలోని కిట్లు తొలి అంచనాకు బాగుంటాయి, ఫిర్యాదుకు ఆధారంగా చాలవు.

9. ల్యాబు కాగితాన్ని పరీక్షించండి

వచ్చిన సంఖ్యలను అలాగే నమ్మకండి. మూడు పరీక్షలు మీరే ఇంటి దగ్గర చేయవచ్చు.

మొదటిది, టీడీఎస్‌ను ఈసీతో భాగించండి. 0.55, 0.75 మధ్య రావాలి.

రెండోది, ధన, ఋణ అయాన్ల తూకం. కాల్షియంను 20తో, మెగ్నీషియంను 12.15తో, సోడియంను 23తో, పొటాషియంను 39తో భాగించి కూడండి. అటువైపు బైకార్బొనేటును 61తో, క్లోరైడును 35.5తో, సల్ఫేటును 48తో, నైట్రేటును 62తో భాగించి కూడండి. ఉదాహరణకు కాల్షియం 80, మెగ్నీషియం 48.6, సోడియం 115 అయితే (పొటాషియం స్వల్పమని వదిలేద్దాం) 4+4+5 కలిపి 13. బైకార్బొనేటు 366, క్లోరైడు 142, సల్ఫేటు 96, నైట్రేటు 62 అయితే 6+4+2+1, అదీ 13. అదే సల్ఫేటును 240 అని రాసి ఉంటే అటువైపు మొత్తం 16 అవుతుంది. తేడా 3ను రెండు మొత్తాల కూడిక 29తో భాగిస్తే 10 శాతం దాటుతుంది. 5 శాతం లోపు మంచిది. 10 దాటితే ల్యాబును మళ్లీ చేయమని అడగండి. "సల్ఫేటు పెరిగింది" అని ఊరంతా చాటిన తర్వాత అది అచ్చు తప్పని తేలితే, తర్వాత నిజంగా పెరిగినప్పుడు ఎవరూ వినరు.

మూడోది, ఒకే బావి నీటిని వేర్వేరు నంబర్లతో రెండు సీసాల్లో పంపండి. రెండు ఫలితాలూ దగ్గరగా ఉండాలి.

ప్రమాణాలు చూసేటప్పుడు కొలమానం చూడండి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. బొగ్గు గని బయటకు వదిలే నీటికి ఉన్న 10 అన్న పరిమితి నైట్రేటు నత్రజనికి, అంటే నైట్రేటులోని నత్రజని బరువును మాత్రమే లెక్కించినదానికి, సంబంధించినది. ఈ రెండూ దాదాపు ఒకటే, కానీ కాగితం మీద 10, 45 అని చూసి కంగారు పడేవాళ్లున్నారు. ఫ్లోరైడుకు 1, వేరే దారి లేకపోతే 1.5; సల్ఫేటుకు 200, వేరే దారి లేకపోతే 400; టీడీఎస్‌కు 500, వేరే దారి లేకపోతే 2000. యురేనియానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన విలువ లీటరుకు 30 మైక్రోగ్రాములు. మిల్లీగ్రాముల్లో అయితే అది 0.03. గని నుంచి వదిలే నీటికి ఉన్న ప్రమాణమూ, తాగునీటి ప్రమాణమూ ఒకటి కావు. "ప్రమాణాల లోపే ఉంది" అని ఎవరైనా అంటే ఏ ప్రమాణమో అడగండి.

10. లెక్కను చదవడం

ఒక్కో బావికి ఒక గీత గీయండి, కింద వానను గడులుగా చూపండి. మే నెలను మే నెలతోనే పోల్చాలి, మేను జనవరితో పోల్చకూడదు. గని దగ్గరి బోర్లు ఏడాదిలో 6 మీటర్లు తగ్గి, పోలిక బోర్లు ఒకటిన్నర మీటరు తగ్గి ఉంటే, వివరణ అడగవలసింది మిగతా నాలుగున్నర మీటర్లకు. గనికి దగ్గరవుతున్న కొద్దీ తగ్గుదల పెరుగుతూ కనిపిస్తే అనుమానానికి బలం వస్తుంది. అయితే సున్నపురాయిలో నీరు సందుల గుండా పారుతుంది. బెలుం గుహలు చూసినవారికి ఆ రాతి తీరు తెలుసు. దగ్గరి బోరు చెక్కుచెదరకుండా, దూరపు బోరు పడిపోవడం ఇక్కడ జరగరానిదేమీ కాదు.

నాణ్యతలో, ఫ్లోరైడు అనంతపురం జిల్లాలో గనులు లేని చోట్ల కూడా ఎక్కువే. నైట్రేటు తోటల ఎరువుల నుంచి, పశువుల దొడ్ల నుంచి వస్తుంది. గనిలో వాడే పేలుడు పదార్థాల్లోని అమ్మోనియం నైట్రేటు నుంచి కూడా వస్తుంది. నైట్రేటు ఒక్కటే పెరిగితే గని వైపు వేలు చూపలేం. సల్ఫేటు, ఈసీ, గనికి సంబంధించిన లోహం కలిసి పెరిగి, పోలిక బావుల్లో పెరగకపోతే అప్పుడు గట్టిగా అడగవచ్చు.

ఒక నెలలో ఈసీ ఒక్కసారిగా పెరిగితే ముందు మీటరును 1413 ద్రావణంలో పెట్టి చూడండి, మరుసటి రోజు మళ్లీ కొలవండి. రెండోసారి కూడా అదే వస్తే ఆ నీటిని తాగడం ఆపి, ల్యాబుకు పంపి, పంచాయతీకి రాతపూర్వకంగా తెలపండి. నీటిని కాచినా కరిగిన లవణాలు, లోహాలు పోవు; ఇంకా చిక్కబడతాయి.

11. ఎవరికి ఇవ్వాలి?

అనుమతి పొందిన గనులు జూన్ 1, డిసెంబరు 1 నాటికి ఆరు నెలల నివేదికలు ఇవ్వాలి. ఆ నివేదికలోని బావుల మట్టాలను మీ పుస్తకంతో పక్కపక్కన పెట్టండి. తేడా ఉంటే బావి నంబరు, తేదీ, రెండు సంఖ్యలు రాసి కాలుష్య నియంత్రణ మండలికి, జిల్లా భూగర్భ జల శాఖకు, కలెక్టరుకు ఒకే అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. భూగర్భ జల శాఖకు తమ సొంత పైజోమీటర్లు (నీటిమట్టం చూడడానికే వేసిన బోర్లు) ఉన్నాయి. మీకు దగ్గరి పైజోమీటరు లెక్కను కూడా జత చేయమని అర్జీలోనే కోరండి. అర్జీకి పుస్తకం నకలు మాత్రమే ఇవ్వాలి. అసలు పుస్తకం పంచాయతీలో ఉండాలి, ప్రతి నెల పేజీని ఫోటో తీసి ఇద్దరి ఫోన్లలో దాచాలి, తప్పు రాసినచోట కొట్టివేసి పక్కన సరైనది రాసి సంతకం చేయాలి, వైట్‌నర్ పెట్టకూడదు.